ఆ రెండు పాదాలు జానపదం కాదండి, నేను రాసినవి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన సోమవారం మీ సాహిత్యం పేజీలో శ్రమగేయాల మీద వచ్చిన వ్యాసం చదివాను, బాగుంది, రాసినాయన కష్టపడ్డారు కూడా. కాకపోతే అందులో ఉత్తరాంధ్ర ఉభాల పాట అని చెప్పి రెండు పాదాలు ఇచ్చారు చూడండి, "ఎండ దాటిపోయినా ఏరు దాటదు మావ, నారు అయిపోయినా నడుము లేవదు మావ" అని, అవి జానపదుల నోట పుట్టినవి కావు. నేను రాసినవి. ఓ కథ కోసం, రాత్రి పదకొండు దాటాక మా వంటింట్లో కూర్చుని రాసినవి. (ఉభాలంటే వరినాట్లు, మా విజయనగరం, శ్రీకాకుళం వైపు అలాగే అంటాం.)

ఇందులో ఆయన తప్పెంతో నా తప్పెంతో మీ తప్పెంతో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్తాను. పీహెచ్‌డీ ఉభాల పాటల మీదే చేశాను. పాటల కోసం ఊళ్ళు తిరుగుతున్నప్పుడు ఒక ముసలమ్మ దొరికింది, డెబ్భై దాటిన మనిషి, మంచం మీద కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పాడమంటే నాలుగు మాటలు పాడి ఆగిపోయేది, మళ్ళీ మొదలెట్టేది, మళ్ళీ అక్కడే ఆగేది. నేనిక లాభం లేదనుకుంటుంటే లేచి వాకిట్లోకి వెళ్ళి నడుం వంచి, చేతిలో నారు ఉన్నట్టే వేళ్ళు నేలకి పొడుస్తూ ఒక్కో అడుగూ వెనక్కి వేయడం మొదలెట్టింది, పాట వచ్చేసింది! పదహారు పాదాలు గుక్కతిప్పుకోకుండా. చివర్లో మాత్రం మళ్ళీ ఆగింది. "ఆపైన రెండున్నాయి, గేపకం రానేదు" అని నవ్వి మంచం మీద కూర్చుండిపోయింది.

థీసిస్‌లో ఆవిడ ఆవేదకురాలు (అంటే పాట చెప్పిన మనిషి) అయింది, నంబరు 14. వయసు, ఊరు, సేకరించిన తేదీ, సందర్భం నాట్లు వేసేటప్పుడు. పాట పదహారు పాదాలు, చివర మూడు చుక్కలు, కింద అధోజ్ఞాపికలో (ఫుట్‌నోట్‌లో) "ఆవేదకురాలికి తక్కిన పాదాలు గుర్తులేవు". అంతే. నడుం వంచితే గానీ పాట రాలేదన్న సంగతి కూడా రాశాను గానీ మా గైడ్ గారు పెన్నుతో కొట్టేసి "అమ్మా ఇది కథ, థీసిస్ కాదు" అన్నారు. అప్పుడు తలూపాను. ఇప్పుడైతే ఊపను. ఎందుకంటే అది కథ కాదు, నేను కళ్ళారా చూసిన ఆధారం, పాట నోట్లో కాదు నడుంలో ఉందనడానికి నా దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం, దాన్ని తీసేసి "శ్రామికుల స్వేద బిందువుల నుండి ఉద్భవించిన ఆణిముత్యాలు" అన్న నా వాక్యాన్ని మాత్రం ఆయన ముట్టుకోలేదు! అది కదా అసలు కొట్టేయాల్సింది.

మీ వ్యాసకర్త మొదట్లో పరిశోధన ఎండుకట్టె, సృజన పచ్చని చెట్టు అన్నట్టు రాశారు, అందరం అలాగే అనుకుంటాం గానీ నాకు ఆ లెక్క కుదరదు. మన థీసిస్‌లు ఎండిపోయి ఉండటం కన్నా అక్కర్లేని చోట తడిసి ఉండటమే ఎక్కువ. కవి మీద పరిశోధన అంటే రెండో అధ్యాయం వచ్చేసరికి ఆయన సాహితీ వినీలాకాశంలో ధ్రువతార అయిపోతాడు, దానికి రిఫరెన్స్ ఉండదు. వాక్యమేమో "పరిశీలించబడినది", "ప్రతిపాదించబడినది". ఏటా ఆగస్టు 29న గిడుగు వారి ఫొటోకి దండేసి వాడుకభాష గురించి మైకు అరిగేదాకా మాట్లాడేదీ మనమే, మర్నాడు స్టూడెంట్ చేత "బడినది" రాయించేదీ మనమే. ఆయన పర్లాకిమిడిలో సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ నోట విన్నది రాసుకున్న మనిషి, పరిశోధకుడంటే అలా ఉండాలి, కఠినమైన మాటలు వాడితే పరిశోధన అయిపోదు. ఇక సినారె గారి సంగతి చూడండి, ఉస్మానియాలో డాక్టరేట్ తీసుకున్నదీ గులేబకావళి కథతో సినిమా పాటలు మొదలెట్టిందీ ఒకే ఏడాది, 1962. రెండు రాతలూ ఒకే చేతిలో ఇమిడాయి, ఏది ఎక్కడ రాయాలో ఆ చేతికి తెలుసు.

సరే, నా కథ దగ్గరికి వస్తాను. థీసిస్ అయిపోయాక ఆ ముసలమ్మ నన్ను వదల్లేదు. ఆవిడ మీద కథ రాశాను. ఊరు పేరు మార్చాను, మనిషి పేరు మార్చాను, కథకి బలం కోసం వాళ్ళాయన్ని చంపేశాను, ఆయన నిక్షేపంగా ఉన్నాడు. (మనవడు చదివి వినిపిస్తే "ఓలమ్మా, బతికున్నోడ్ని సంపేసినావేటి" అని ఆవిడ ఫోన్ చేసి ఒకటే నవ్వు.) ఆ మూడు చుక్కల దగ్గర రెండు పాదాలు కట్టి పెట్టాను, అవే మీరు అచ్చేసినవి. థీసిస్‌లో ఆ పని చేసుంటే వైవా అనే మౌఖిక పరీక్షలో కాదు, జీవితంలో నాకు క్షమాపణ లేదు. కథలో చేసినందుకు ఎవరూ అడగలేదు, అడగాల్సిన పనీ లేదు, అక్కడ నేను ఎవరికీ సాక్ష్యం చెప్పట్లేదు. చదివేవాళ్ళకి ఆ ముసలమ్మ కళ్ళముందు నిలబడిందా లేదా అన్నదొక్కటే పరీక్ష.

వేరేవాళ్ళ రాత ఎత్తుకొచ్చే దొంగతనం లెక్కలు కూడా రెండుచోట్లా వేరే. 2018లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) తెచ్చిన రూల్స్ ప్రకారం థీసిస్‌లో 10 శాతం దాకా వేరేవాళ్ళ రాతతో కలిస్తే శిక్ష లేదు, 10 నుంచి 40 మధ్యలో ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్ళీ ఇమ్మంటారు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. వరసగా 14 మాటల దాకా కలిసినా దాన్ని లెక్కలోంచి తీసేస్తారు. నా రెండు పాదాలు కలిపి పదే మాటలు, అంటే సాఫ్ట్‌వేర్‌కి దొరికినా అడిగేవాడు ఉండడన్నమాట. కానీ కథలో శాతాల్లేవు, ఒక్క ఉపమానం ఎత్తుకొచ్చినా ఎత్తుకొచ్చినట్టే. పోనీ నిజాయితీగా ఆ ఉపమానం కింద ఫలానావారి దగ్గర తీసుకున్నాను అని నోట్ పెడదామా అంటే కథ అక్కడే చస్తుంది. పరిశోధనలో మాత్రం వేరేవాళ్ళ ఆలోచన మొత్తం తెచ్చుకున్నా పేరు చెప్పి తెచ్చుకుంటే గౌరవమే.

ఇప్పుడు మీ సంగతి. ఆ వ్యాసకర్త నా కథలోంచే తీసుకుని అధోజ్ఞాపికలో కథ పేరు ఇచ్చారేమో, లేదా ఇంకెవరో జానపదం అని రాస్తే నమ్మేశారేమో నాకు తెలిసే దారి లేదు, ఎందుకంటే మీరు స్థలాభావం అని నోట్స్ అన్నీ కత్తిరించేస్తారు. నా వ్యాసానికీ ఒకసారి అదే చేశారు, పదకొండు నోట్స్‌లో ఒక్కటీ మిగల్లేదు, ఫొటో మాత్రం పెద్దది వేశారు. నోట్స్ లేని పరిశోధన వ్యాసం చదివేవాడు నమ్మాలి తప్ప సరిచూసుకోలేడు, ఇంక దానికీ కథకీ తేడా ఏం మిగిలింది? బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద ఉస్మానియాలో డాక్టరేట్ తీసుకున్నది 1956లో, అప్పట్నుంచి ఇంతమంది ఊళ్ళు తిరిగి పోగేసిన పాటల మధ్యలో నా వంటింటి పాదాలు కలిసిపోతే తర్వాత వచ్చే కుర్రాడు వాటిమీద ఒక అధ్యాయం రాసినా రాస్తాడు.

అసలు కొంచెం చెవి పెడితే దొరికిపోయేవి. మా వైపు ఆ వయసు వాళ్ళు "లేవదు" అనరు, "నేవదు" అంటారు. నేను లెక్చరర్ని కదా, రాసేటప్పుడు "లేవదు" అని పడిపోయింది. పైగా "మావ", "మావ" అని రెండు చివర్లూ తూచినట్టు కలవడం, ఎండా ఏరూ, నారూ నడుమూ జతలు కుదరడం, ఆ పదహారు పాదాల్లో అలాంటి సోకు ఎక్కడా లేదు.

కాబట్టి వచ్చే సోమవారం అదే పేజీలో చిన్న సవరణ వేయండి, ఆ రెండు పాదాలు ఒక కథలోవి, సేకరించిన పాటలోవి కాదు అని. నా పేరు అక్కర్లేదు. వ్యాసకర్తకి కావాలంటే ఆవిడ పాడిన పదహారు పాదాల రికార్డింగ్ పంపిస్తాను, చివర్లో ఆవిడ నవ్వు కూడా ఉంటుంది అందులో. అడ్రస్ వేరే కాగితం మీద రాసి జత చేశాను, అచ్చువేయొద్దు.

ఇట్లు
ఒక తెలుగు లెక్చరర్
విజయనగరం జిల్లా