వార్షిక నివేదిక 2025–26: ఫ్రీడాస్ మీద ప్రోగ్రాముల బిల్డింగ్, ఇన్‌స్టలేషన్

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో అనుకున్నట్టే ఈ ఏడాది మన సంఘం పనంతా పాత ఎంఎస్-డాస్ ప్రోగ్రాములను నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీడాస్ చుట్టూనే సాగింది. 1994 జూన్ 29న జిమ్ హాల్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు 2025 ఏప్రిల్ 5న 1.4 వెర్షన్ విడుదల చేసింది. మన శిక్షణ తరగతులకు, పాత యంత్రాల పునరుద్ధరణకు దాన్నే ప్రామాణికంగా తీసుకున్నాం. ఏ ప్రోగ్రామునైనా సోర్సుతో (మూల కోడ్‌తో) సహా ప్యాకేజీగా కట్టి, ఆ ప్యాకేజీ నుంచే ఇన్‌స్టాల్ చేయాలన్న నియమాన్ని ఏడాది పొడుగునా పాటించాం. ఫైళ్లు నేరుగా డిస్కులోకి కాపీ చేస్తే ప్రోగ్రాము నడుస్తుంది, కాదనం. కానీ ఏ ఫైలు ఎక్కడినుంచి వచ్చిందో, తీసేయాలంటే ఏవి తీయాలో రెండేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు.

ముందుగా డిస్కు సంగతి. పాత యంత్రాల్లో చెడిపోయిన హార్డ్ డిస్కుల స్థానంలో కాంపాక్ట్ ఫ్లాష్ కార్డులు పెట్టాం. కార్డును వేరే కంప్యూటర్లో యూఎస్‌బీ రీడర్ ద్వారా పార్టిషన్ చేస్తే (భాగాలుగా విడదీస్తే), పాత యంత్రంలోకి వచ్చేసరికి చాలాసార్లు బూట్ కాదు. డిస్కులో చోటును గుర్తించే సిలిండర్లు, హెడ్ల లెక్క రెండు చోట్లా వేరుగా ఉండటమే కారణం. కార్డును అది పనిచేయాల్సిన యంత్రంలోనే పెట్టి, పార్టిషన్లు చేసే ఎఫ్‌డిస్క్ నడపాలి, పార్టిషన్‌ను యాక్టివ్‌గా గుర్తించాలి, రీబూట్ చేశాకే ఫార్మాట్ చేయాలి. ఆ రీబూట్ మానేస్తే కొత్త పార్టిషన్ డాస్‌కు కనిపించదు. కార్డులో అంతకుముందు లినక్స్ ఉండి ఉంటే డిస్కు మొదటి సెక్టారైన ఎంబీఆర్‌లో పాత బూట్‌లోడర్ మిగిలిపోతుంది. దాన్ని ఎఫ్‌డిస్క్‌కు ఎంబీఆర్ స్విచ్ ఇచ్చి తుడవాలి. లైవ్ సీడీతో బూట్ కాని యంత్రాలకు లెగసీ సీడీ, సీడీ డ్రైవే లేనివాటికి ఫ్లాపీ ఎడిషన్ వాడాం.

విండోస్ లేకుండా అమ్మే ‘డాస్ లాప్‌టాప్’ కొన్నవాళ్లు కొందరు వచ్చి, అందులో నేరుగా ఫ్రీడాస్ నడుస్తుందా అని అడిగారు. కొత్త తరం స్టార్టప్ ఫర్మ్‌వేర్ యూఈఎఫ్ఐ మాత్రమే ఉండి, పాత బయోస్ అనుకూలత లేని యంత్రంలో నడవదు. ఫ్రీడాస్‌తో వచ్చినట్టు అమ్మే కొన్ని మోడళ్లలో కూడా అది చిన్న లినక్స్ లోపల వర్చువల్ మెషీన్‌లో తెరుచుకుంటుంది. అలాంటివారికి కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను అనుకరించే క్యూఎమూ నేర్పించాం.

ఇన్‌స్టలేషన్‌లో అందరినీ ఎక్కువగా తిప్పలు పెట్టింది స్టార్టప్ ఫైళ్ల వ్యవహారం. పాత ప్రోగ్రాముల సెటప్‌లు కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ ఫైళ్లలో తమ వరుసలు రాసి, ‘పూర్తయింది’ అని చెప్పి వెళ్లిపోతాయి. ఫ్రీడాస్ మాత్రం ఎఫ్‌డీకాన్ఫిగ్.సిస్ ఉంటే కాన్ఫిగ్.సిస్‌ను చదవదు. ఎఫ్‌డీకాన్ఫిగ్.సిస్‌లోని షెల్ వరుస చెప్పిన ఎఫ్‌డీఆటో.బ్యాట్‌నే నడుపుతుంది. దాంతో సెటప్ రాసిన పాత్, సెట్ వరుసలు ఎవరికీ పట్టకుండా పడి ఉంటాయి. సీ భాష కంపైలర్ ఓపెన్ వాట్‌కామ్ ఇన్‌స్టాల్ చేశాక కంపైలర్ కమాండ్ దొరకడం లేదన్న ఫిర్యాదుకు ఎక్కువసార్లు ఇదే మూలం. సెటప్ అవగానే ఆటోఎగ్జెక్.బ్యాట్‌ను ఎడిట్‌లో తెరిచి, వాట్‌కామ్, ఇన్‌క్లూడ్, పాత్ వరుసలను ఎఫ్‌డీఆటో.బ్యాట్‌లోకి చేత్తో మార్చాలి. ఇలాంటి వేరియబుల్స్ పెరిగితే ఎన్విరాన్‌మెంట్ జాగా చాలదు. షెల్ వరుసలోని ‘ఇ’ స్విచ్ విలువను 2048కి పెంచితే చాలు.

బిల్డ్ తరగతుల్లో అందరికీ నచ్చినది ఫ్రీడాస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌నే కట్టుకోవడం. కావలసినవి ఓపెన్ వాట్‌కామ్, నాస్మ్ (అసెంబ్లర్), యూపీఎక్స్ (ఫైలును కుదించేది), కెర్నెల్ సోర్స్. సోర్స్ ఫోల్డర్లో ఉన్న కాన్ఫిగ్.బి ఫైలును కాన్ఫిగ్.బ్యాట్‌గా కాపీ చేసి, కంపైలర్ పేరు, అది ఉన్న చోటు, నాస్మ్ పేరు, ప్రాసెసర్ రకం, ఫ్యాట్ (ఫైల్ సిస్టమ్) రకం నింపి బిల్డ్.బ్యాట్ నడపాలి. ప్రాసెసర్‌గా 386 ఎంచుకుంటే ఆ కెర్నెల్ 286 మీద బూట్ కాదు; యంత్రం ఏదో తెలియకపోతే 86 పెట్టడమే క్షేమం. తయారైన కెర్నెల్.సిస్‌ను సీ: డ్రైవ్ రూట్‌లో పెట్టేముందు పాతదాన్ని బూట్ ఫ్లాపీ మీద దాచుకోవాలి. ఈ జాగ్రత్త లేకుండా ఎవరికీ యంత్రం అప్పగించలేదు.

చిన్న ప్రోగ్రాములకు వాట్‌కామ్ మెమరీ అమరికల్లో స్మాల్ మోడల్ సరిపోతుంది. కోడ్‌కు 64 కిలోబైట్లు, డేటాకు 64 కిలోబైట్లు దాటితే లార్జ్ మోడల్‌కు వెళ్లాలి. మరో కంపైలర్ డీజేజీపీపీతో కట్టినవి 386, ఆపై ప్రాసెసర్ల మీదే నడుస్తాయి. వాటికి పెద్ద మెమరీ వాడుకునే డీపీఎంఐ సేవను అందించే సీడబ్ల్యూఎస్‌డీపీఎంఐ ఫైలు పాత్‌లో గానీ ప్రోగ్రాము పక్కన గానీ ఉండాలి. లేకపోతే డీపీఎంఐ లేదని చెప్పి ఆగిపోతాయి. బిల్డ్ దశలు రాసే మేక్‌ఫైల్‌లో పొడవాటి లింక్ వరుసలు కూడా ఇబ్బంది పెడతాయి. డాస్ కమాండ్ వరుస 126 అక్షరాలకు మించదు కాబట్టి ఆబ్జెక్ట్ ఫైళ్ల జాబితాను రెస్పాన్స్ ఫైలులో రాసి, లింకర్‌కు ఆ ఫైలు పేరు ఇవ్వాలి. లినక్స్‌లో దింపుకున్న సోర్స్‌లో బ్యాచ్ ఫైళ్ల వరుస ముగింపులు డాస్ పద్ధతిలో ఉండవు. యునిక్స్‌టూడాస్‌తో మార్చకుండా నడిపితే ఎక్కడ తప్పుతుందో కనిపెట్టడం కష్టం.

పరీక్షలన్నీ ముందు క్యూఎమూలోనే చేశాం. డిస్కును ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా ఉంచే రా ఇమేజ్ వాడితే ఎంటూల్స్ కమాండ్లతో ఫైళ్లు లోపలికి పంపవచ్చు. ఎఫ్‌డిస్క్ మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెడితే ఎంటూల్స్‌కు ఇవ్వాల్సిన ఆఫ్‌సెట్ (పార్టిషన్ మొదలయ్యే చోటు) 32,256 బైట్లు. క్యూఎమూ నడుస్తుండగా బయటినుంచి ఇమేజ్‌లో రాయకూడదు, ఫ్యాట్ పట్టిక పాడవుతుంది.

ప్యాకేజీ కట్టడం గురించి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఇది మామూలు జిప్ ఫైలే. పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. లోపల యాప్‌ఇన్ఫో ఫోల్డర్లో ఎల్‌ఎస్‌ఎం వివరపత్రం, ప్రోగ్రాము, డాక్ ఫోల్డర్లో సూచనలు, సోర్స్ ఫోల్డర్లో మూలం ఉండాలి. మూలంలో పొడవాటి ఫైలు పేర్లుంటే అవి డాస్‌లో విప్పేటప్పుడు కత్తిరింపుకు గురై ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే మూలాన్ని లోపల మరో జిప్‌గా కట్టేస్తారు. ప్యాకేజీలు ఎక్కించే ఎఫ్‌డీఎన్‌పీకేజీకి 386 కావాలి, అది వాటిని నెట్ నుంచి కూడా తెచ్చుకుంటుంది. పాత యంత్రాల్లో చేతిలో ఉన్న జిప్‌ను ఎఫ్‌డీఇన్‌స్ట్‌తో ఎక్కించాలి. ఎక్కించిన ఫైళ్ల జాబితా ప్యాకేజెస్ ఫోల్డర్లో నమోదవుతుంది, తీసివేత దాని ఆధారంగానే జరుగుతుంది.

మరమ్మతుకు వచ్చిన ప్రోగ్రాముల్లో టర్బో పాస్కల్‌తో రాసినవి ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ చూపాయి. టర్బో పాస్కల్‌లోని సీఆర్‌టీ యూనిట్ మొదట్లోనే 55 మిల్లీసెకన్లలో ఎన్నిసార్లు లూప్ తిరిగిందో కొలిచి 55తో భాగిస్తుంది. ప్రాసెసర్ వేగం సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటితే ఫలితం 16 బిట్లలో పట్టదు. సోర్స్ ఉన్నవాటిని సరిచేసిన యూనిట్‌తో మళ్లీ కంపైల్ చేశాం, లేనివాటి ఎగ్జిక్యూటబుల్ ఫైలుకు ప్యాచ్ వేశాం. మరికొన్ని ప్రోగ్రాములు మెమరీ మేనేజర్ జెమ్మెక్స్ ఉంటే వేలాడిపోయాయి. బూట్ మెనూలో జెమ్మెక్స్ లేని మూడో ఎంపికతో (సేఫ్ మోడ్) నడిస్తే దోషం మెమరీ మేనేజర్ దగ్గరే వెతకాలి.

తెలుగు విషయంలో సూటిగా చెబుతున్నాం: ఫ్రీడాస్ తెలుగు చూపదు. 256 గుర్తుల టెక్స్ట్ స్క్రీన్ మీద గుణింతాలు, ఒత్తులు కుదరవు. అప్పట్లో ప్రభుత్వ సంస్థ సీడాక్ చేసిన జిస్ట్ కార్డు ఈ పనిని హార్డ్‌వేర్‌తో చేసింది. ఆ కాలపు భారతీయ భాషల కోడ్ ఇస్కీలో ఉన్న ఫైళ్లను డాస్‌లో తెరిచే ప్రయత్నం మానుకుని, లినక్స్‌లో ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీలోని యూకన్వ్ కమాండుతో యూనికోడ్‌కు మార్చుకోవాలని సభ్యులకు సూచిస్తున్నాం. మార్చిన తర్వాత కూడా అసలు ఫైలును చెరిపేయవద్దు.

జమాఖర్చుల పట్టిక సమావేశంలో విడిగా అందిస్తాం. వచ్చే ఏడాది డాస్‌లో నెట్‌వర్క్ వాడటానికి కావలసిన ప్యాకెట్ డ్రైవర్లు, ఎంటీసీపీ మీద తరగతులు ఉంటాయి. సభ్యులు తమ దగ్గరున్న ఫ్లాపీలను తెచ్చేముందు రైట్ ప్రొటెక్ట్ మీట తెరిచి, బూజు పట్టినవాటిని వేరే కవరులో పెట్టి తేవాలి. బూజు ఫ్లాపీ ఒక్కటి డ్రైవ్‌లోకి వెళ్తే హెడ్ పాడై, తర్వాత పెట్టినవాటినీ గీకేస్తుంది.

— కార్యవర్గం