శామ్ బోవీని ఇక తిట్టకు

ఒరేయ్ పొడుగూ,

జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ అందరం కులాసా. అమ్మకి నడుంనొప్పి తగ్గింది, చిన్నదానికి పరీక్షలు అయిపోయాయి. అంతే, ఇంటి కబుర్లు సరి. నువ్వు ఉత్తరం చివర్లో 1984 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్ గురించి "జోర్డాన్‌ని వదిలేసి బోవీని తీసుకున్న పోర్ట్‌లాండ్ వాళ్ళంత తెలివితక్కువవాళ్ళు లేరు" అని ఒక్క ముక్క రాసి వదిలేశావే, దాని సంగతి తేల్చకుండా ఉండలేను. ఇడ్లీ పందెం మళ్ళీ మొదలైందనుకో.

డ్రాఫ్ట్ అంటే ఏటా కొత్త ఆటగాళ్ళని టీములు వంతులవారీగా ఎంచుకోవడం కదా, ఆ వంతే పిక్, బాగా ఓడినవాళ్ళకే ముందు పిక్. అసలు 1984లో పోర్ట్‌లాండ్‌కి రెండో పిక్ ఎలా వచ్చిందో గుర్తుందా? ఆ ఏడు వాళ్ళు 48 మ్యాచ్‌లు గెలిచారు. అలాంటి టీముకి రెండో పిక్ రాకూడదు. 1981లో టామ్ ఓవెన్స్‌ని ఇండియానాకి ఇచ్చి, బదులుగా 1984 మొదటి రౌండు పిక్ రాయించుకున్నారు. ఓవెన్స్ అక్కడ ఆడింది ఒక్క సీజనే. ఈలోగా ఇండియానా తూర్పు టీముల పట్టికలో అట్టడుగుకి పడిపోయింది, పశ్చిమ టీముల్లో అట్టడుగున హ్యూస్టన్. ముందు పిక్‌లు ఎవరికో తేల్చే లాటరీ అప్పటికి లేదు, అది మరుసటేడు వచ్చింది. మొదటి పిక్ కోసం ఈ రెండు అట్టడుగు స్థానాల మధ్య బొమ్మా బొరుసా వేసేవారు. హ్యూస్టన్ గెలిచి ఒలాజువాన్‌ని తీసుకుంది. టాస్ ఇటు పడుంటే పోర్ట్‌లాండ్ కూడా అతన్నే తీసుకునేది. అప్పుడు హ్యూస్టన్ యూనివర్సిటీలో కలిసి ఆడిన డ్రెక్స్‌లర్, ఒలాజువాన్ ఇద్దరూ పోర్ట్‌లాండ్‌లోనే ఉండేవారు. కాబట్టి వాళ్ళ అసలు నష్టం టాస్‌లోనే జరిగిపోయింది.

టాస్ ఓడాక బోవీలాంటి సెంటరే (బుట్ట దగ్గర ఆడే పొడగరి) ఎందుకన్నది నీ ప్రశ్న. డ్రెక్స్‌లర్‌ని అంతకు ముందేడే 14వ పిక్‌తో తెచ్చుకున్నారు, జిమ్ పాక్సన్ ఉన్నాడు. అంటే జోర్డాన్ ఆడే చోటు నిండిపోయింది. అది అందరూ చెప్పే కారణమే. దానికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. డ్రాఫ్ట్ జూన్ 19న. దానికి కొద్ది రోజుల ముందే కికీ వాండెవే కోసం డెన్వర్‌కి కాల్విన్ నాట్‌నీ, ఫ్యాట్ లీవర్‌నీ, వాళ్ళతోపాటు సెంటర్ వేన్ కూపర్‌నీ ఇచ్చేశారు. ఉన్న సెంటర్‌ని చేతులారా పంపేశాక సెంటర్ తప్ప ఇంకేం కనిపిస్తుంది? నన్నడిగితే తప్పు ఆ బేరంలో ఉంది. లీవర్ తర్వాత రెండుసార్లు ఆల్‌స్టార్ అయ్యాడు కూడా.

ఇక కాలు సంగతి. బోవీ ఏడడుగుల ఒక అంగుళం మనిషి. కెంటకీ యూనివర్సిటీలో ఆడేటప్పుడు ఎడమకాలి ముంగాలి ఎముకకి సన్నటి బీట పడి రెండు సీజన్లు పూర్తిగా పోయాయి. ఇది ఒక్క దెబ్బకి విరిగే ఎముక కాదురా. గెంతిన ప్రతిసారీ కంటికి కనపడనంత చిన్న పగుళ్ళు పడతాయి. ఎముక వాటిని పూడ్చుకునే వేగం కన్నా బరువు పడే వేగం ఎక్కువైతే బీట పెరుగుతుంది. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, నొప్పే చెప్పాలి. పోర్ట్‌లాండ్ డాక్టర్లు గంటల తరబడి పరీక్షించారు. చిన్న సుత్తితో ఆ ముంగాలి మీద తట్టి నొప్పిగా ఉందా అని అడిగారు. లేదన్నాడు. లోపల మాత్రం నొప్పి ఉందని 2012లో ఒక డాక్యుమెంటరీలో తనే చెప్పాడు. సమాధానం కుర్రాడి నోటి నుంచే రావాలి, ఆ సమాధానం మీదే వాడి బతుకంతా ఆధారపడి ఉంది. ఏమంటాడు మరి? నేనైతే వాణ్ణి ఒక్క మాట అనలేను. కానీ తమ పాత సెంటర్ బిల్ వాల్టన్ పాదాల పాట్లు కళ్ళారా చూసిన టీము మాత్రం ఆ జవాబుని అంత తేలిగ్గా నమ్మకుండా ఉండాల్సింది.

మొదటి ఏడు బోవీ 76 మ్యాచ్‌లు ఆడాడు. ఆల్‌రూకీ మొదటి జట్టు, అంటే ఆ ఏడు కొత్తవాళ్ళలో మేటి అయిదుగురు, ఎవరో చూడు: ఒలాజువాన్, బోవీ, జోర్డాన్, పెర్కిన్స్, బార్క్‌లీ. సరిగ్గా మొదటి అయిదు పిక్‌లూ! ఆ రోజుకి ఎవరూ వాళ్ళని తెలివితక్కువవాళ్ళు అనలేదు. తర్వాత 38 మ్యాచ్‌లు, తర్వాత 5, ఆపైన ఒక సీజన్ మొత్తం సున్నా. ఈసారి కుడికాలు కూడా పోయింది. ఇంకోటి విను, జోర్డాన్ కూడా రెండో ఏడు మూడో మ్యాచ్‌లోనే పాదం ఎముక విరగ్గొట్టుకుని 64 మ్యాచ్‌లు కూర్చున్నాడు. ఒకడి ఎముక అతికింది, ఒకడిది...

సరే, ఆ మాట వదిలేద్దాం. అయిదు పిక్‌ల దగ్గరే ఆగిపోతావేం? 16వ పిక్ స్టాక్టన్‌ని చూడు, యూటాలోనే 19 సీజన్లు, 15,806 అసిస్ట్‌లు (తోటివాడు బుట్టలో వేసేలా అందించిన పాస్‌లు), ఇప్పటికీ ఎవడూ దరిదాపులకి రాలేదు. ఆ వేసవిలో ఒలింపిక్ జట్టు నుంచి కోచ్ బాబ్ నైట్ తీసేసినవాళ్ళలో స్టాక్టన్, బార్క్‌లీ ఇద్దరూ ఉన్నారు. ఏడో పిక్ ఆల్విన్ రాబర్ట్‌సన్ 1986లో ఒకే మ్యాచ్‌లో 20 పాయింట్లు, 11 రీబౌండ్లు (గురి తప్పాక అందుకున్న బంతులు), 10 అసిస్ట్‌లు, 10 స్టీల్స్ (ఎదుటివాళ్ళ దగ్గర లాక్కున్న బంతులు) కొట్టాడు. నీ బ్రెజిల్ దేవుడు ఆస్కార్ ష్మిట్‌ని న్యూజెర్సీ 131వ పిక్‌తో తీసుకుంది. ఎన్‌బీఏలో ఆడితే దేశం తరఫున ఆడనివ్వని రోజులు కాబట్టి రానన్నాడు. 1987లో ఇండియానాపొలిస్‌లో అమెరికా మీదే 46 పాయింట్లు కొట్టి పాన్ అమెరికన్ క్రీడల ఫైనల్ గెలిపించాడు.

అసలు చెప్పాలనుకున్నది ఇది. 1989లో పోర్ట్‌లాండ్ వాళ్ళు బోవీని, ఒక పిక్‌ని న్యూజెర్సీకి ఇచ్చి బక్ విలియమ్స్‌ని తెచ్చుకున్నారు. 39 గెలుపుల టీము మరుసటేడు 59 గెలిచి ఫైనల్‌కెళ్ళింది. 1992లో మళ్ళీ వెళ్ళింది, ఎదురుగా జోర్డాన్! మొదటి మ్యాచ్ మొదటి సగంలోనే 35 కొట్టాడు. బోవీ న్యూజెర్సీలో మళ్ళీ కుదురుకుని, తర్వాత లేకర్స్‌కి మారి 1995 దాకా ఆడాడు. ఆ 1995లోనే డ్రెక్స్‌లర్ హ్యూస్టన్‌కి వెళ్ళి ఒలాజువాన్‌తో కలిసి కప్పు కొట్టాడు. బదులుగా పోర్ట్‌లాండ్‌కి వచ్చిందెవరో తెలుసా? ఓటిస్ థార్ప్, ఇదే 1984 డ్రాఫ్ట్‌లో తొమ్మిదో పిక్! అదే డ్రాఫ్ట్‌లో వచ్చిన కెవిన్ విల్లిస్ 44 ఏళ్ళదాకా ఎలా ఆడాడో కూడా రాయాలి గానీ పోస్టు డబ్బా తెరిచే టైమైంది, ఇది ఇవాళే పడాలి. పందెం సంగతి వెంటనే రాయి, సాంబారు నీ వంతు.

నీ
బొంగరం