బెల్టు ఎప్పుడిస్తారని అడిగిన తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల యూనిట్ టెస్టుల గురించి రాద్దామనుకున్నాను. కానీ పదిహేను రోజులుగా ఆఫీసుకి వచ్చే ఫోన్లన్నీ కరాటే క్లాసు గురించే. "మేడమ్, మా వాడు జూన్‌లో చేరాడు, ఇంకా నిలబడటమే నేర్పుతున్నారట, పక్క కాలనీ పిల్లాడికి అప్పుడే ఎల్లో బెల్టు వచ్చేసింది" అని ఒకరు. "కళ్లు మూసుకుని కూర్చోడానికి కూడా ఫీజేనా?" అని ఇంకొకరు. నాకు కోపం రాలేదు, ఎందుకంటే మొదట్లో నాకూ అదే డౌటు.

అందుకే నేనూ చేరాను. శనివారం పొద్దున ఆరున్నరకి, ఐదో తరగతి పిల్లల వెనక వరసలో. నా మోకాళ్ల సంగతి మీకు తెలుసు, మెట్లెక్కేటప్పుడు చూసే ఉంటారు. కిబా దాచి అని ఒక నిలకడ ఉంది, గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి కదలకుండా నిలబడాలి. మొదటి అరనిమిషం బాగానే ఉంది, తర్వాత తొడలు వణకడం మొదలైంది, ఆ వెంటనే మనసు పారిపోయింది, ఉప్పల్ దగ్గర ట్రాఫిక్ ఎలా ఉందో, మూడో నంబరు బస్సు బయల్దేరిందో లేదో, ఇంట్లో స్టవ్ కట్టేశానో లేదో అని. మాస్టారు పక్కకి వచ్చి "మేడమ్, ఊపిరి" అన్నారు, అంతే. అప్పటిదాకా నేను ఊపిరి బిగబట్టి ఉన్నానని నాకే తెలియదు.

కరాటేకీ జెన్‌కీ (జపాన్ బౌద్ధంలో ధ్యానం మీద నడిచే మార్గం) ఏమిటి సంబంధం అని అడిగితే, నేను చెప్పగలిగేది ఆ ఒక్క క్షణం గురించే. నా ఒంట్లో జరుగుతున్నది నాకు తెలియడం లేదని తెలిసింది. పిల్లలకి ఇది మాటల్లో చెబితే అరగంటలో నిద్రపోతారు, తొడలు వణికితే వెంటనే అర్థమవుతుంది.

జెన్ అంటే వేరే మతమేమో అని ఒక తండ్రి మొహమాటపడుతూనే అడిగారు. పరేషాన్ కావద్దు, క్లాసులో ప్రార్థనలు లేవు, విగ్రహాలు లేవు, వంగి నమస్కరించేది ఎదుటి పిల్లాడికి. జెన్ అన్న మాట కూడా మనదే, మన ధ్యానమే పాలీలో ఝాన అయి, చైనాలో చాన్ అయి, జపాన్‌కి వెళ్లి జెన్ అయింది. బోధిధర్ముడనే బౌద్ధ సన్యాసి కంచి నుంచి వెళ్లి చైనాలోని షావోలిన్ మఠంలో కుంగ్‌ఫూ నేర్పాడని పేరెంట్స్ గ్రూపులో ఫార్వర్డ్ తిరుగుతోంది. కథ నాకూ ఇష్టమే, కానీ చరిత్రకారులు ఒప్పుకోరు, దానికి ఆధారంగా చూపించే పుస్తకం 17వ శతాబ్దంలో, అంటే ఆయన తర్వాత వెయ్యేళ్లకు పైగా గడిచాక వచ్చింది. మనకి దగ్గర చుట్టం ఇంకొకాయన ఉన్నాడు. జెన్ వాళ్లు చెప్పుకునే గురుపరంపరలో 14వ వాడు నాగార్జునుడు, ఏదీ దానంతట అది స్థిరంగా ఉండదనే శూన్యవాదం చెప్పినాయన. పోయిన డిసెంబరులో పిల్లల్ని ఆయన పేరున్న కొండకే తీసుకెళ్లాం, లాంచీలో దిగిన ఫొటోలు తప్ప ఎవరికీ ఏమీ గుర్తులేదనుకోండి.

ఆ శూన్యం కరాటే పేరులోనూ ఉంది. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవి నుంచి వెళ్లి 1922లో టోక్యోలో ఈ విద్యను ప్రదర్శించిన ఫునాకోషి గిచిన్ (ఆయన కూడా బడిపంతులే, అది నాకు కొంచెం గర్వం) తర్వాతి రోజుల్లో 'చైనా చెయ్యి' అని రాసే పేరును అదే ఉచ్చారణతో 'ఖాళీ చెయ్యి'గా మార్చి రాశాడు. చేతిలో ఆయుధం లేకపోవడం ఒక్కటే కాదు, మనసులో స్వార్థం, దురుద్దేశం లేకపోవడం కూడా ఆ ఖాళీయే అన్నాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది తకువాన్ అనే జెన్ సన్యాసి మాట. సుమారు 400 ఏళ్ల కిందట ఒక కత్తివీరుడికి ఆయన రాసిందేమిటంటే, మనసు ఎక్కడా ఆగకూడదు, ఎదుటివాడి కత్తి దగ్గర ఆగితే కత్తికే చిక్కుతుంది. వెయ్యి చేతుల అవలోకితేశ్వరుడి (కరుణకి రూపమైన బోధిసత్వుడు) మనసు ఒక్క చెయ్యి దగ్గర ఆగిపోతే మిగతా 999 చేతులూ పనికిరావు అంటాడు. ఇది చదవగానే నాకు పదో తరగతి లెక్కల పేపర్ గుర్తొచ్చింది, మూడో ప్రశ్న దగ్గర టెన్షన్ పడి ఇరవై నిమిషాలు అక్కడే కూర్చుని, వచ్చిన లెక్కలు కూడా వదిలేసి వచ్చే పిల్లలు. అలాగని కరాటే వల్ల మార్కులు పెరుగుతాయని నేను రాయను, అలా రాసిన కరపత్రాలు మన వీధి స్తంభాలకి చాలానే ఉన్నాయి.

ఇంకోటి కూడా చెప్పాలి. ఏకాగ్రత వస్తే మంచితనం దానంతట అదే రాదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ సైన్యానికి వంతపాడిన జెన్ గురువులున్నారు. అందుకే దెబ్బ ఎంత బలంగా కొట్టారన్నదాని కంటే, కొట్టాల్సిన చోటికి అంగుళం ముందు చెయ్యి ఆపారా లేదా అన్నది మాస్టారు చూస్తారు. బెల్టు ఇచ్చేదీ దాన్ని చూసే.

ఇక క్లాసులో ఫోన్లతో వీడియోలు తీసే సంగతి. జాన్‌షిన్ అంటారు, గుద్దు అయిపోయాక కూడా చూపూ మనసూ అక్కడే నిలవడం. గత వారం ఏడో తరగతి అమ్మాయి చివరి గుద్దు చక్కగా వేసి, మరుక్షణమే అమ్మ వీడియో తీసిందా అని గేటు వైపు తిరిగింది. తప్పు ఆ పాపది కాదు. ఈ శనివారం నుంచి క్లాసు జరుగుతుండగా ఎవరూ రికార్డు చేయొద్దు, నేను కూడా.

దసరా సెలవుల్లో క్లాసు ఉండదు. బెల్టు పరీక్ష సంక్రాంతి తర్వాతే, ఎవరు సిద్ధమో మాస్టారు చెబుతారు, నాకు ఫోన్ చేసి లాభం లేదు. వెనక వరసలో చోటుంది, ఇద్దరు నాన్నలు, ఒక అమ్మమ్మ ఇప్పటికే వస్తున్నారు. కింద కూర్చోలేని వాళ్లకి కుర్చీ వేయిస్తాం, నాకూ ఒకటి వేశారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు