చెక్క కోయకముందే తేల్చుకోవాల్సినవి

పోయిన నెల నేను చేసిన అయిదు తీగల బేస్ గిటార్ ఒకటి తిరిగి నా బల్ల మీదికి వచ్చింది. ఎక్కడా చీలలేదు, ఫ్రెట్లు (తీగను నొక్కే చోట అడ్డంగా ఉండే లోహపు పట్టీలు) సరిగ్గానే ఉన్నాయి, పికప్‌లు (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేవి) చక్కగా పలుకుతున్నాయి. చేయించుకున్నాయన చెప్పిన ఇబ్బంది ఒక్కటే. నిలబడి వాయిస్తే నెక్, అంటే తీగలు సాగే పొడుగాటి పిడి, నేలవైపు వాలిపోతోంది. ఎడమచేత్తో దాన్ని ఎత్తిపట్టుకుంటూనే వాయించాల్సి వస్తోంది. అరగంటకల్లా భుజం లాగేస్తోంది, మణికట్టు పట్టేస్తోంది.

ఆయన అడిగినవేవీ తప్పు కావు. 35 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు) అడిగారు. చిన్న బాడీ, పొట్టి కొమ్ములు (నెక్‌కు అటూ ఇటూ ముందుకు సాగే బాడీ చివరలు) అడిగారు. పాతకాలం తరహా పెద్ద ట్యూనింగ్ కీలు (తీగలను శ్రుతి చేసే మరలు) అడిగారు. విడివిడిగా చూస్తే ఒక్కోటీ సబబైన కోరికే. కానీ ఆ కీలు అయిదూ కలిపితే అరకిలో దాకా తూగుతాయి. ఆ బరువంతా పొడుగాటి నెక్ చివర వేలాడుతుంది. ఇటువైపు దానికి సరితూగేంత బాడీ లేదు. స్ట్రాప్ తగిలించే పై కొమ్ము పన్నెండో ఫ్రెట్ దరిదాపుల్లోకి రావాల్సింది, పదహారో ఫ్రెట్ దగ్గరే ఆగిపోయింది. డ్రాయింగ్ గీస్తున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. చెప్పలేదు. అడిగింది అడిగినట్టు చేసివ్వడమే నా పని అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత తప్పో, తిరిగొచ్చిన ఆ బేస్‌ను నా భుజాన వేసుకున్నప్పుడు తెలిసింది.

దానికి కొత్త బాడీని నా ఖర్చుతోనే చేస్తున్నాను. నెక్‌ను బోల్టులతో బిగించాం కాబట్టి విప్పి కొత్త బాడీకి వేయవచ్చు. అంటించిన నెక్ అయ్యుంటే మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది. ఈ పని వల్ల వరుసలో ఉన్న తర్వాతి మూడు వాద్యాలు నాలుగు వారాలు ఆలస్యమవుతాయి. ఆ ముగ్గురికీ విడిగా రాశాను. మరోసారి ఇక్కడ కూడా క్షమించమని అడుగుతున్నాను.

ఇక నుంచి ఆర్డర్ తీసుకునే పద్ధతి మార్చాను. పాత ఫారంలో మొదటి పేజీ నిండా రంగు, చెక్క, ఫ్రెట్‌బోర్డు మీద పొదిగే ముత్యపు చిప్ప చుక్కల గురించే ఉండేది. స్కేల్, నెక్ మూడో పేజీలో ఎక్కడో ఉండేవి. ఇప్పుడు దాన్ని తిరగేశాను. చెక్క కోశాక ఇక మార్చలేనివి మొదట వస్తాయి, ఎప్పుడైనా మార్చుకోగలిగేవి చివర వస్తాయి. మొదటి ప్రశ్న మాత్రం వాద్యం గురించి కాదు, మీ గురించి. కూర్చుని వాయిస్తారా, నిలబడా? ఏ ట్యూనింగ్? ఎంతసేపు వాయిస్తే ఎక్కడ నొప్పి వస్తుంది? గంటలకొద్దీ ఇబ్బంది లేకుండా వాయించగలిగే గిటారో బేసో మీ దగ్గర ఒకటి ఉంటే, నట్ (నెక్ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గర దాని వెడల్పు, మొదటి ఫ్రెట్ దగ్గరా పన్నెండో ఫ్రెట్ దగ్గరా నెక్ మందం, బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే భాగం) దగ్గర తీగల మధ్య దూరం, మొత్తం బరువు కొలిచి పంపండి. ఈ కొలతలు పది ఫోటోల కన్నా నాకు ఎక్కువ ఉపయోగపడతాయి.

అన్నిటికన్నా ముందు తేలాల్సింది స్కేల్, అంటే నట్ నుంచి బ్రిడ్జ్ దాకా మోగే తీగ పొడవు. బేస్‌కు ఎక్కువగా వాడేది 34 అంగుళాలు. పొట్టి స్కేల్ బేస్‌లు 30 అంగుళాల చుట్టూ ఉంటాయి. అదే తీగను అదే స్వరానికి శ్రుతి చేస్తే, దాని టెన్షన్ పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. అందుకే 34 నుంచి 35కు వెళ్తే దాదాపు 6 శాతం బిగువు పెరుగుతుంది, 30కి దిగితే 22 శాతం తగ్గుతుంది. చేతికి కూడా తేడా తెలుస్తుంది. 34 అంగుళాల బేస్‌లో నట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా 178 మిల్లీమీటర్లు, 30 అంగుళాలదైతే 157. ఆ రెండు సెంటీమీటర్లు చిన్న చేతులున్నవాళ్లకు రోజూ పడే కష్టాన్ని తప్పిస్తాయి.

అయిదు తీగల బేస్ అంటే 35 అంగుళాలే ఉండాలని చాలామంది అడుగుతున్నారు. అన్నిటికన్నా కింది స్వరం పలికే బీ తీగ సెకనుకు దాదాపు 31 సార్లే కంపిస్తుంది, దాన్ని బిగువుగా ఉంచడానికి పొడవు సాయం చేస్తుందన్నది నిజమే. కానీ బీ తీగ వదులుగా, మసకగా వినిపించడానికి పొడవు ఒక్కటే కారణం కాదు. నెక్ గట్టిగా లేకపోయినా, నట్‌లో గాడి సరిగ్గా కూర్చోకపోయినా, సన్నటి తీగ వేసినా అలాగే వినిపిస్తుంది. నెక్ లోపల ట్రస్ రాడ్‌కు (నెక్ వంపును సరిచేసే లోహపు కడ్డీకి) అటూ ఇటూ కార్బన్ ఫైబర్ కడ్డీలు పెట్టి, కాస్త మందమైన బీ తీగ వేస్తే 34 అంగుళాలకే నిండైన స్వరం వస్తుంది. నన్ను అడిగితే 34 చాలంటాను. 35 కావాలంటే తప్పకుండా చేస్తాను, కానీ ఈసారి బాడీ, కీల బరువు గురించి కూడా మాట్లాడాకే. తేలికపాటి కీలు వేసి పై కొమ్ము సాగదీస్తే ఆ పొడవును మోయవచ్చు.

ఫ్రెట్లు విసనకర్రలా పరుచుకునే పద్ధతి కూడా ఉంది, బీ తీగకు ఎక్కువ పొడవు, అన్నిటికన్నా సన్నటి జీ తీగకు తక్కువ పొడవు. రాల్ఫ్ నోవాక్ 1989లో పేటెంట్ పొందిన పద్ధతి ఇది. చూడగానే కష్టమనిపించినా చాలామంది ఒకట్రెండు రోజుల్లోనే అలవాటు పడిపోతారు. ఏ ఫ్రెట్ తీగలకు లంబంగా, నిటారుగా ఉండాలన్నదే అసలు నిర్ణయం. ఏడో ఫ్రెట్ చుట్టూ పెడితే నట్ వైపు ఫ్రెట్ల మీద కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) పట్టుకోవడం సులువవుతుంది, పైకి జరిపితే నట్ దగ్గర వంపు బాగా పెరుగుతుంది. మీరు ఎక్కువగా ఎక్కడ వాయిస్తారో చెబితే దాన్ని బట్టి గీస్తాను.

నెక్ విషయంలో ఎవరి మాటా, నా మాటతో సహా, చేయి చెప్పేదానికి మించింది కాదు. ఫెండర్ కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కు నట్ దగ్గర వెడల్పు 44 మిల్లీమీటర్ల పైచిలుకు ఉండేది. 1960లో తెచ్చిన జాజ్ బేస్‌కు 38. రెండూ 34 అంగుళాలవే. అయినా ఈ 6 మిల్లీమీటర్ల తేడాతోనే వాయించేవాళ్లు రెండు జట్లుగా విడిపోయినట్టు ఇప్పటికీ మాట్లాడుకుంటారు. సన్నటి నెక్ అయితే వేగం వస్తుందని చాలామంది నమ్మకం. నా అనుభవంలో బొటనవేలి కింద ఆధారం లేక, సన్నటి నెక్ మీదే తొందరగా అలిసిపోయేవాళ్లు కూడా అంతే మంది ఉన్నారు.

అందుకని ఒక కొత్త పని మొదలుపెట్టాను. ఆర్డర్ ఇచ్చిన ప్రతి ఒక్కరికీ మామూలు చెక్కతో చేసిన నమూనా నెక్ పంపుతాను. ఫ్రెట్లు, తీగలు ఉండవు. వెడల్పు, మందం, వెనక వంపు మాత్రం అసలు దానికి ఎలా ఉండబోతాయో అలాగే ఉంటాయి. వారం రోజులు దగ్గర పెట్టుకోండి. ఊరికే కూర్చున్నప్పుడు చేత్తో పట్టుకుని చూడండి. ఎక్కడ ఎక్కువైందనిపిస్తే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి తిరిగి పంపండి. మొదటిసారి ఇలా పంపినప్పుడు వచ్చిన గీతలను బట్టి మందం మిల్లీమీటరున్నర తగ్గించాను. చిత్రిక పట్టాక తగ్గించడం ఎప్పుడూ కుదురుతుంది, పెంచడం మాత్రం కుదరదు.

గిటార్ అడిగేవాళ్లు ఎక్కువగా తడబడేది 24 ఫ్రెట్ల దగ్గర. 24వ ఫ్రెట్ బ్రిడ్జ్ నుంచి సరిగ్గా స్కేల్‌లో నాలుగో వంతు దూరంలో పడుతుంది. 25.5 అంగుళాల గిటార్‌కు అది 162 మిల్లీమీటర్లు. 21, 22 ఫ్రెట్ల గిటార్లలో నెక్ పికప్ ఉండేది ఆ చుట్టుపక్కలే, దాని గుండ్రటి, తియ్యటి పలుకు అక్కడి నుంచే వస్తుంది. 24 ఫ్రెట్లు పెడితే ఆ చోటు ఫ్రెట్‌బోర్డుకు పోతుంది, పికప్ బ్రిడ్జ్ వైపు జరుగుతుంది, పలుకు కాస్త పదునెక్కుతుంది. అది కొందరికి ఇంకా నచ్చుతుంది కూడా. కానీ 24 ఫ్రెట్లూ కావాలి, పాత గిటార్ల నెక్ పికప్ పలుకూ కావాలి అంటే నేను చేయలేను. ఆ చివరి రెండు ఫ్రెట్లను మీరు నిజంగా ఎన్నిసార్లు వాడతారో ఒకసారి ఆలోచించి చెప్పండి.

పికప్ ఏదన్న దానికన్నా పికప్ ఎక్కడన్నది నాకు పెద్ద ప్రశ్న. పికప్‌ను ఎప్పుడైనా విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చు, తవ్విన గాడిని జరపలేం. 1970లలో జాజ్ బేస్‌లో వెనక పికప్‌ను సుమారు 10 మిల్లీమీటర్లు బ్రిడ్జ్ వైపు జరిపారు. ఆ కాస్త దూరానికే 60ల బేస్ పలుకు, 70ల బేస్ పలుకు అని ఇప్పటికీ వేరుగా చెప్పుకుంటారు. మీకు ఏ పలుకు ఇష్టమో నాలుగైదు రికార్డింగులు పంపండి, గాడి ఎక్కడ తవ్వాలో అవి విన్నాక మాట్లాడుకుందాం.

చెక్క గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఎలక్ట్రిక్ బేస్ పలుకులో బాడీ చెక్క జాతి పాత్ర చిన్నదే. పికప్ చోటు, తీగలు, మీ వేళ్లు దానికన్నా ఎంతో ముందుంటాయి. చెక్కలో నేను చూసేది బరువు, ఆరుదల, ఇంకా నెక్‌కైతే గీతలు నిటారుగా సాగాయా లేదా అన్నది. ఆరని చెక్కతో చేసిన నెక్ ఆర్నెల్లకు మెలి తిరుగుతుంది, దాన్ని ట్రస్ రాడ్ కూడా సరిచేయలేదు. ఆలస్యమెందుకని తొందరపెట్టేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇదే, నెక్ చెక్కను ముతకగా కోశాక కొన్ని వారాలు వదిలేసి, వంగిన మేరకు మళ్లీ చదును చేస్తాను. ఆ వారాలను తగ్గించను.

ఫ్రెట్‌బోర్డుకు రోజ్‌వుడ్ అడిగేవాళ్లకు ఒక మాట. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై ఉన్న సైట్స్ ఒప్పందం కింద 2017 జనవరి నుంచి ఈ జాతి చెక్కలన్నిటినీ దేశాలు దాటించడానికి అనుమతి పత్రాలు అవసరమయ్యాయి. 2019 నవంబరులో తయారైపోయిన వాద్యాలకు సడలింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్ మాత్రం 1992 నుంచీ అత్యంత కఠినమైన జాబితాలోనే ఉంది. అది నేను వాడను, మీ దగ్గర పాత ముక్క ఉందని పంపినా తీసుకోను.

మిగతావి తొందరపడక్కర్లేదు. స్టెయిన్‌లెస్ ఫ్రెట్లు నాకు ఆకురాయి పని పెంచుతాయి కానీ ఏళ్ల తరబడి అరగవు, తీగను బాగా వంచి వాయించేవాళ్లకు అవే మంచివి. బేస్ యాక్టివ్‌గా (బ్యాటరీతో నడిచే సర్క్యూట్‌తో) ఉండాలా పాసివ్‌గా (బ్యాటరీ లేకుండా) ఉండాలా అన్నది తేలకపోతే బ్యాటరీకి గూడు తవ్వి మూత వేసి ఇస్తాను, తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. రంగు, నాబ్‌లు, పికప్ కవర్లు రంగు వేసే ముందు రోజు దాకా మార్చుకోవచ్చు.

డ్రాయింగ్‌ను ఇక నుంచి అసలు సైజులో కాగితం మీద పంపుతాను. అట్ట మీద అంటించి కత్తిరించి, స్ట్రాప్ కట్టి, అద్దం ముందు నిలబడి చూడండి. కుడిచేయి బాడీ అంచు మీద ఎక్కడ ఆనుతోంది, మొదటి ఫ్రెట్‌కు ఎడమచేయి ఎంత చాచాల్సి వస్తోంది అన్నవి ఆ అట్టముక్కతోనే తెలిసిపోతాయి. మీరు సంతకం చేసి పంపాకే రంపం ముడతాను. డ్రాయింగ్ చూస్తున్నప్పుడు నాకు ఏ అనుమానం వచ్చినా దాన్ని కాగితం మీదే ఎర్ర సిరాతో రాస్తాను. దాన్ని చదివాక కూడా మీకు అలాగే కావాలంటే అలాగే చేస్తాను.

ఇప్పటికే వరుసలో ఉండి ఇంకా చెక్క కోయనివాళ్లకు ఈ వారంలో కొత్త ఫారం వస్తుంది. ముందు ఇచ్చిన జవాబులు మార్చుకోవాలనిపిస్తే మొహమాటపడకుండా మార్చండి, అందుకు అదనంగా ఏమీ తీసుకోను. తిరిగొచ్చిన ఆ బేస్‌కు కొత్త బాడీ ముక్కలు నిన్న జిగురు పెట్టి బిగించాను. పై కొమ్ము ఈసారి పన్నెండో ఫ్రెట్ దాకా వస్తోంది. కీలు కూడా తేలికవి తెప్పించాను. నెక్ బిగించాక చేతులు వదిలేసి నిలబడితే అది ఎక్కడ ఆగుతుందో చూసి, ఆ ఫోటో ముందు ఆయనకు పంపి, ఆయన ఒప్పుకుంటే మీకూ చూపిస్తాను.