మేడమీద రైలు తీసేస్తున్నాను

చి.సౌ. సుమకు నాన్న ఆశీస్సులు.

మేడమీద బొమ్మరైలు పీకేస్తున్నానని అమ్మ ఫోనులో చెప్పేసిందట. నువ్వు కాసేపు ఏం మాట్లాడలేదనీ, తర్వాత “నాన్నకి మనసెలా ఒప్పింది” అన్నావనీ కూడా చెప్పింది. ఫోనులో నేను రెండు ముక్కలకి మించి మాట్లాడనని నీకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

సగం పని అయిపోయింది కూడా. కంకరంతా ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి అతికించిందే కదా, వేడినీళ్ళలో పాతగుడ్డ ముంచి పట్టాల మీద పరిచి వదిలేస్తే కాసేపటికి జిగురు తెల్లగా ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు పెయింటర్లు పుట్టీ పట్టే రేకు స్లీపర్ల కిందికి దూర్చి మెల్లగా తోసుకుంటూ పోతే ముక్కకు ముక్క చెక్కుచెదరకుండా లేచి వస్తుంది. పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు రెండు దారులుగా చీలేచోట మాత్రం ఓపిక పట్టాలి, కదిలే ఆ సన్నటి పట్టా వంగిందంటే ఇక పనికిరాదు. అమ్మ టీ జల్లెడ దొంగిలించి నువ్వు జల్లించిన ఇటుకపొడి ఇప్పుడు బకెట్ అడుగున ఉంది. గూడ్స్ పెట్టెల్లో బొగ్గని నువ్వు అతికించిన నల్లనువ్వులు ఎప్పుడో చీమలపాలయ్యాయి.

“అలాగే ఉంచొచ్చు కదా” అంటావు. ఉంచడమంటే ఇన్నాళ్ళూ దుప్పటి కప్పి ఉంచడమే. ఆ లేఅవుట్, అంటే బల్లమీద పరిచిన ఆ పట్టాలూ ఊరూ అంతా, నీకోసం కట్టింది. మామయ్య దుబాయ్ నుంచి తెచ్చిన హెచ్‌ఓ సెట్టు (అసలు రైలులో 87వ వంతు), ఎనిమిది బై నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు, దానిమీద రెండు చుట్లు. నీకు కావలసిందల్లా రైలు ఆగకుండా తిరగడం. ఆగితే ఊరుకునేదానివి కాదు. దాని పని అది బ్రహ్మాండంగా చేసింది.

నాకు కావలసిన రైలు వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో దిగువమెట్ట స్టేషన్‌లో ఉన్నప్పుడు నేను చేసిన పనిలో సగం రైళ్ళను ఆపడమే. నల్లమలలో మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు ఎడం) సింగిల్ లైను. నంద్యాల వైపు నుంచి ఒక బండి వస్తోందంటే గిద్దలూరు వైపు నుంచి వచ్చిన బండి లూపులో, అంటే స్టేషన్‌లోని పక్కలైనులో, నిలబడాల్సిందే. క్రాసింగ్ పడిందంటే ప్యాసింజర్లు దిగి బీడీలు కాల్చుకుంటారు, సీతాఫలాల బుట్టలు వచ్చేస్తాయి, డ్రైవరు వచ్చి నా కుర్చీలో కూర్చుంటాడు. లైనుకు రెండు చివర్లా నీల్స్ టోకెన్ మిషన్లు ఉండేవి. అవతలి స్టేషన్ మాస్టర్ గంట కొట్టి ఒప్పుకుంటేగాని నా మిషన్‌లోంచి టోకెన్, అంటే ఇనుపగుండు, బయటికి రాదు. ఒక గుండు బయట ఉండగా రెండోది ఇవ్వదు. ఆ గుండు చేతికి అందితేనే డ్రైవరు బండి కదిలించాలి. ఆగని బండికైతే దాన్ని సంచిలో వేసి, పేము చక్రానికి కట్టి, పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం మీద ఎత్తి పట్టుకునేవాడు. వైపీ రకం ఆవిరి ఇంజను పొగ కక్కుతూ వచ్చేటప్పుడు ఫైర్‌మన్ చెయ్యి చాచి చక్రాన్ని భుజానికి తగిలించుకుని, పాతదాన్ని కిందికి విసిరేసేవాడు. రాత్రిపూట దివిటీ వెలుగులో ఇదంతా రెండు క్షణాల్లో అయిపోయేది. గుండ్రంగా తిరిగే రైలుకి ఇవేవీ అక్కర్లేదు. దానికి ఎదురొచ్చేవాడే లేడు.

1992లో దేశమంతా ఒకే గేజ్ చెయ్యాలని యూనిగేజ్ పేరుతో గేజ్ మార్పిడి మొదలయ్యాక మన లైనూ బ్రాడ్ గేజ్ అయింది. అడవిలో దారే పక్కకు జరిగింది. దొరబావి వంతెన మీద ఇప్పుడు బండి పోదు, స్తంభాలు మాత్రం చెట్ల మధ్య నిలబడి ఉన్నాయి. నేను కొత్తగా కట్టబోయే దిగువమెట్ట లేఅవుట్‌లో ఆ వంతెన కూడా కట్టమని అమ్మ ఇప్పటినుంచే పోరుతోంది. నేను కట్టను. అందరూ వంతెనే కడతారు, స్టేషన్ ఎవరూ కట్టరు.

గేజ్ లెక్క కూడా ఒకటి ఉంది. మన పాత ట్రాక్‌లో పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. 87తో గుణిస్తే 1435, అంటే మీ జర్మనీ గేజ్. మన బ్రాడ్ గేజ్ 1676. అందుకే ఆ పాత ట్రాక్ మీద మన పెట్టె ఏది పెట్టినా కాళ్ళు దగ్గరికి ముడుచుకుని నిలబడ్డట్టే ఉంటుంది. మీటర్ గేజ్‌కైతే పదకొండున్నర కావాలి, 12 మిల్లీమీటర్ల ట్రాక్ దొరుకుతోంది. అర మిల్లీమీటరు నా కళ్ళకి ఆనదులే.

గోడ పొడవునా పద్నాలుగు అడుగుల బల్ల వేయిస్తున్నాను. అంటే అసలులో సుమారు 370 మీటర్లు. దిగువమెట్ట యార్డు ఒక హోం సిగ్నల్ (స్టేషన్‌లోకి వచ్చేముందు ఉండే సిగ్నల్) నుంచి ఇంకో హోం సిగ్నల్ దాకా నిజం కొలతలో వేస్తే పక్కింటివాళ్ళ వంటింట్లోకి పోతుంది. అందుకే కుదిస్తున్నాను: మెయిన్, ఒక లూపు, ఒక చిన్న సైడింగు, ఇంజనూ నాలుగు పెట్టెలూ పట్టేంత. ఎడమ చివర బోగడా సొరంగం నోరు, లోపల ఏమీ ఉండదు, అటువైపు కూర్చునేవాళ్ళు చేత్తో బండి అందుకుని తిప్పిపెట్టాలి. అటువైపు మాస్టరుగా ఉండటానికి అమ్మ ఒప్పుకుంది, సీరియల్ టైములో తప్ప.

కాలిఫోర్నియాలో జాన్ ఆలెన్ అనే ఆయన ఉండేవాడు, బొమ్మరైళ్ళు కట్టేవాళ్ళలో ఆయన పేరు తెలియనివాళ్ళు ఉండరు. పెద్ద లేఅవుట్ కట్టేటప్పుడు తన మొట్టమొదటి చిన్న లేఅవుట్‌ని దాంట్లో ఒక భాగంగా ఇమిడ్చాడు. 1973 జనవరిలో ఆయన పోయాడు. ఆ నెలలోనే మంటలు అంటుకుని ఆ లేఅవుట్ చాలావరకు కాలిపోయింది. దుప్పటి కప్పి దాచినా ఇంతే, చెదలకో చెమ్మకో పోతుంది. ఆయనలాగే నేనూ ఒక మూల కోసి కొత్తదాంట్లో పెడుతున్నాను, నువ్వు అగ్గిపెట్టెలతో కట్టిన పోస్టాఫీసు ఉన్న మూల. దిగువమెట్టలో అక్కడ పోస్టాఫీసు లేదు. ఉండనీ.

ఇక అసలు సంగతి. సంక్రాంతికి వచ్చేటప్పుడు నాకు ట్రాక్ తేవాలి. స్విట్జర్లాండ్ కొండల్లో మీటర్ గేజ్ బళ్ళు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి మీ దగ్గర ఇది దొరుకుతుంది. హెచ్, సున్నా, ఎం అని అడుగు, 87వ వంతు కొలతలో మీటర్ గేజ్ ట్రాక్‌కి అదే పేరు. 12 మిల్లీమీటర్లే కదా అని షాపువాడు ఇంకా చిన్న రైళ్ళకి వాడే టీటీ ట్రాక్ అంటగడతాడు, తీసుకోకు, దాని స్లీపర్లు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉంటాయి. నికెల్ సిల్వర్ పట్టాలే కావాలి, స్టీలువి మన ఉక్కపోతకి తుప్పుపడతాయి. ఒంచుకోగలిగే పొడుగు ముక్కలు ఎనిమిది చాలు, పాయింట్లు నేనే చేసుకుంటాను. ఒక్కోటి గజం దాకా ఉంటుంది, సూట్‌కేసులో పట్టదని సగానికి కోసెయ్యకు. పీవీసీ పైపులో పెట్టి రెండు చివర్లా మూతలేసి విడిగా లగేజీలో వెయ్యి. అల్లుడుగారిని అడుగు, ఆయనకి ఇలాంటివి బాగా తెలుసు.

నువ్వు వచ్చాక డబ్బులు ఇస్తాను.

మీ నాన్న