రావాల్సిన జీతం ఇప్పించిన అందరికీ నమస్కారాలు

నిన్న మధ్యాహ్నం నా ఖాతాలో చివరి విడత డబ్బు పడింది. ఎవరెవరికి ఫోన్ చేసి చెప్పాలా అని పేర్లు తలచుకుంటుంటే ఎంతకీ తెమలట్లేదు. అందుకే ఇక్కడే రాస్తున్నాను.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. విజయనగరంలో ఒక బట్టల షోరూంలో బిల్లింగ్ కౌంటర్లో ఏడేళ్ల ఎనిమిది నెలలు పనిచేశాను. షాపు పేరు అడక్కండి, చెప్పను. మనవాళ్లు ఇంకా అక్కడ పనిచేసుకుంటున్నారు. సంక్రాంతి అమ్మకాల హడావుడి తగ్గాక ఒక సాయంత్రం మేనేజరు పిలిచి "రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారు. స్టాకులో తేడా వచ్చిందట, దానికి బిల్లింగ్ వాళ్లదే బాధ్యతట. మరి ఈ నెల పనిచేసిన 18 రోజుల జీతం సంగతేమిటంటే, సొరుగులోంచి ఒక వోచరు తీసి ముందు పెట్టారు. రెవెన్యూ స్టాంపు అప్పటికే అంటించి ఉంది. అంకె వెయ్యాల్సిన చోట ఖాళీ. కింద సన్న అక్షరాల్లో "సంస్థ నుంచి నాకు రావలసినది ఇంకేమీ లేదు" అని అచ్చు. సంతకం పెడితే ఆరు వేలు చేతిలో పెడతారు, మిగతాది తేడా కింద పట్టుకుంటారు. అదీ బేరం.

మొదటి నమస్కారం అప్పుడు చీరల సెక్షన్లో ఉన్న చెల్లికి. (తను ఇప్పుడు వేరే చోట చేరింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.) మంచినీళ్లు ఇచ్చే వంకతో గదిలోకొచ్చి, "అప్పా, అంకె లేని కాయితం మీద సంతకం ఎట్టకు. ఇంటికెళ్లిపో ముందు" అని చెవిలో చెప్పి వెళ్లిపోయింది. ఆ రోజు నేను పెన్ను కింద పెట్టి బయటికి వచ్చానంటే ఆ పిల్ల పుణ్యమే. ఆ ఒక్క సంతకం పడి ఉంటే తర్వాత కథంతా వేరేగా ఉండేది.

రెండోది కోర్టు దగ్గర జిరాక్సు షాపు బాబాయికి. అర్జీ టైపు చేయించడానికి వెళ్లి "దయచేసి నా జీతం ఇప్పించవలసిందిగా" అని చెప్పడం మొదలుపెట్టాను. ఆయన టైపు చేయడం ఆపేసి, "దయేటమ్మా? పని చేసేవు, డబ్బులడుగుతున్నావు. ఏ తేదీన చేరేవు, ఏ తేదీన తీసేసేరు, ఎంత రావాలి, అది చెప్పు" అన్నారు. ఆ అర్జీ ఒక పేజీయే. స్పీడ్ పోస్టులో షోరూంకి ఒకటి, లేబర్ ఆఫీసుకి ఒకటి. టైపు చేసినందుకు డబ్బు తీసుకున్నారు గానీ, తర్వాత నేను తీయించుకున్న కాపీలకు ఒక్క రూపాయి పుచ్చుకోలేదు.

జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా (లాయరు కాకపోయినా చట్టం సంగతులు చెప్పి సాయం చేసేవారు) ఉన్న మేడమ్‌కి ఎలా చెప్పాలో తెలియట్లేదు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఆదాయంతో పని లేకుండా అక్కడ లాయరు సాయం ఉచితం. 1987 నాటి చట్టంలోనే ఉందట. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. నాకైతే ఆ మేడమే కూర్చోబెట్టి వివరంగా చెప్పారు. మనల్ని పనిలోంచి తీసేస్తే, అప్పటిదాకా చేసిన పనికి జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. ఇది కొత్తగా వచ్చింది కూడా కాదు, 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్‌లో అయితే, రాజీనామా చేసినవాళ్లకూ అదే రెండు రోజుల గడువు. క్లెయిము వేసుకోవడానికి పాత చట్టంలో 12 నెలలే, కొత్త కోడ్‌లో మూడేళ్లు.

స్టాకు తేడా మాటకీ ఆవిడే సమాధానం చెప్పారు. నష్టం నా నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలాలి, ముందు నన్ను సంజాయిషీ అడగాలి. అప్పుడు గానీ జీతంలో కోయడానికి లేదు. నన్ను ఎవరూ ఒక్క కాగితం అడగలేదు, ఇవ్వలేదు. పైగా మన రాష్ట్ర షాపుల చట్టం ప్రకారం, ఆరు నెలలు దాటి పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేస్తే నెల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేదంటే నెల జీతం కట్టాలి. ఇన్నేళ్లు ఇతరుల బిల్లులు పైసలతో సహా లెక్కకట్టినదాన్ని, నాకు ఇన్ని రావాలని ఆ రోజే తెలిసింది.

లేబర్ ఆఫీసు సార్ గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏమనుకోకండి. మొదటి వాయిదాకి షోరూం తరఫున ఎవరూ రాలేదు. రెండోదానికి వాళ్ల అకౌంటెంటు వచ్చి, మొదటి సంవత్సరం నేను ట్రైనీనని, సర్వీసు ఏడేళ్లు కూడా లేదని అన్నాడు. నా దగ్గర అపాయింట్‌మెంట్ ఆర్డరు లేదు, జీతం స్లిప్పులు లేవు. ఉన్నదల్లా కోట జంక్షన్ దగ్గర నెట్ సెంటర్ తమ్ముడు తీసిచ్చిన పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు, బ్యాంకు స్టేట్‌మెంటు. సార్ పాస్‌బుక్‌లో మొదటి నెల జమ మీద వేలు పెట్టి, "మరి ఈ డబ్బు ఎవరికి కట్టారు?" అని అడిగారు. అకౌంటెంటు ఇంక మాట్లాడలేదు.

తర్వాత గ్రాట్యుటీ, అంటే ఇన్నేళ్లు పనిచేసినందుకు మానేసేటప్పుడు ఇవ్వాల్సిన డబ్బు. బేసిక్కూ డీఏ (కరువు భత్యం) కలిపి నాది 10,400. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాదికి ఆరు వేలు. అకౌంటెంటు ఏడేళ్లకు 42,000 అని రాసుకొచ్చాడు. సార్ కాలిక్యులేటరు అతని వైపు తిప్పి, "పైన ఎనిమిది నెలలున్నాయి కదా. ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాదే, ఎనిమిదితో కొట్టండి" అన్నారు. 48,000. దాని మీద 18 రోజుల జీతం 9,000, నోటీసుకి బదులు నెల మొత్తం జీతం 13,000, మిగిలిన సెలవులకు 11,000. మొత్తం 81,000. ఆరు వేలకు ఖాళీ వోచరు మీద సంతకం అడిగిన చోటు నుంచే ఈ డబ్బంతా వచ్చింది.

రెండు రోజుల్లో రావాల్సింది ఎండాకాలం వెళ్లిపోయాక వచ్చింది. ఆ కోపం నాకు ఇంకా ఉంది, దాచుకోను. పిల్లల ఫీజుకి మధ్యలో గాజులు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. కానీ ఆ కోపం ఆఫీసులో కూర్చుని నా కాగితాలు చదివినవాళ్ల మీద కాదు.

నెట్ సెంటర్ తమ్ముడికి ఇంకో థాంక్స్ బాకీ. షోరూం వాళ్లు పీఎఫ్‌లో నేను మానేసిన తేదీ ఎక్కించకుండా వదిలేశారు. చివరిసారి జమ పడి రెండు నెలలు దాటితే, ఆధార్ ఓటీపీతో ఆ తేదీ మనమే ఎక్కించుకోవచ్చని వెతికి చూపించాడు. వాయిదాల రోజుల్లో పిల్లల్ని బడి నుంచి తీసుకొచ్చి అన్నం పెట్టిన మా అత్తమ్మకి ఇది చదివి వినిపిస్తాను. "నా పేరెందుకే అందులో" అంటుంది, అయినా సరే.

మా షోరూంలో అంతకుముందే మానేసిన ఇద్దరికి ఇంకా గ్రాట్యుటీ అందలేదని విన్నాను. నా అర్జీ కాపీ జిరాక్సు బాబాయి దగ్గర ఉంచాను. పీఎఫ్ పాస్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని నాకు మెసేజ్ పెట్టండి. వచ్చే సోమవారం నాకు పని లేదు, లేబర్ ఆఫీసుకి మీ వెంట వస్తాను.