2024–25 వార్షిక నివేదిక: సెప్టెంబరు 17 వ్యాసంతో గడిపిన ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో మనం చేసిన తీర్మానం మీకు గుర్తుండే ఉంటుంది. తెలుగు వికీపీడియాలో ఇన్నాళ్లూ ఊళ్ల గురించి, చెరువుల గురించి, కవుల గురించి వ్యాసాలు రాస్తూ వచ్చిన మనం, ఈసారి 1948 నాటి హైదరాబాదు సంస్థాన సంఘటనలను చేపట్టాలనుకున్నాం. నిప్పుతో పని, జాగ్రత్త అని ఆరోజే ఇద్దరు పెద్దలు హెచ్చరించారు. చేతులు కాలిన మాట నిజమే. అయినా ఈ పని చేసినందుకు నాకు నిండు సంతృప్తి ఉంది. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే ఇస్తున్నాను.

మొదటి తగవు పేరు దగ్గరే వచ్చింది. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. 17వ తేదీ సాయంత్రం నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. మర్నాడు సంస్థాన సేనాని ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయారు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. దీన్ని ఏమని పిలవాలనేదే చిక్కు. ఆనాటి ప్రభుత్వం 'పోలీసు చర్య' అంది. వెళ్లింది సైన్యమైతే పోలీసు చర్య ఎలా అవుతుందని మనలో కొందరు అడిగారు. విమోచన అనేవారు ఉన్నారు, విలీనం అనేవారు ఉన్నారు, విద్రోహం అనేవారూ ఉన్నారు. 2022లో అదే రోజున కేంద్ర ప్రభుత్వం విమోచన దినోత్సవం జరిపితే, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవం జరిపింది. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, 2024లో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. ప్రభుత్వాలకే కుదరని పేరు మన గదిలో ఒక పూటలో కుదురుతుందనుకోవడం అత్యాశే.

మూడు సమావేశాలు ఈ ఒక్క మాట మీదే నడిచాయి. 'విమోచన–విలీనం' అని అడ్డగీత పెట్టి కలిపేద్దామని రాజీ ప్రతిపాదన కూడా వచ్చింది. దాన్ని మనం ఒప్పుకోకపోవడం మంచిదైంది. అలా కలిపిన పేరును ఆ రోజుల్లో గానీ ఈ రోజుల్లో గానీ వాడినవారు మనకు ఎక్కడా కనబడలేదు. తగవు తీర్చడం కోసం మనమే కొత్త పేరు పుట్టించినట్టు అయ్యేది. చివరికి కుదిరిన పద్ధతి ఇది: కథనంలో జరిగింది మాత్రమే చెప్పాలి. సైన్యం ప్రవేశించింది, నిజాం లొంగిపోయారు, సంస్థానం భారతదేశంలో కలిసింది. ఆ తరువాత విడిగా ఒక విభాగం పెట్టి, ఏ పేరు ఎవరు వాడతారో, ఎందుకు వాడతారో వాళ్ల వాళ్ల రాతల ఆధారంగా చెప్పాలి. 1946లో మొదలైన రైతాంగ సాయుధ పోరాటాన్ని కమ్యూనిస్టు పార్టీ 1951 అక్టోబరులో గాని విరమించలేదు. 1948 సెప్టెంబరు తరువాత మూడేళ్లూ సైన్యంతో పోరాడినవారికి సెప్టెంబరు 17 ఏమిటో, రజాకార్ల చేతిలో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవారికి అదే తేదీ ఏమిటో, రెండూ పాఠకుడికి తెలియాలి. ఆ విభాగం ఇప్పుడు అసలు కథనం కంటే పొడవుగా ఉంది. అది తప్పని నేననుకోను.

పేరు తరువాత అంకెలు. ఇక్కడ తప్పు మన సభ్యులదే, కనుక దాచకుండా చెబుతున్నాను. సైనిక చర్య సమయంలోనూ ఆ తరువాతా జరిగిన హత్యల గురించి ఒకరు 'నలభై వేల మంది చనిపోయారు' అని ఏ మూలమూ చూపకుండా చేర్చారు. మరొకరు దుష్ప్రచారమని వ్యాఖ్య పెట్టి ఆ వాక్యాన్ని పూర్తిగా తీసేశారు. రెండు రోజుల్లో అది చేర్చడం, తీసేయడం పలుమార్లు సాగింది. దిద్దుబాటు యుద్ధం వద్దని ఇతరులకు చెప్పే మనమే ఆ పని చేశాం. అప్పటికి ఇద్దరిలో ఎవరూ అసలు పత్రాన్ని చదవలేదు.

అది పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు 1948 చివరలో జిల్లాలు తిరిగి రాసిన నివేదిక. ప్రభుత్వం దాన్ని దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఆగస్టులో ఒక ఆదివారం పొద్దంతా కూర్చుని పేరా పేరా చదివాం. అందులో ఉన్నది నలభై వేలు కాదు, 27 వేల నుంచి 40 వేలు. అది తలలు లెక్కపెట్టి చెప్పింది కాదు, ఆ బృందం తనకు తానుగా వేసుకున్న అంచనా. అత్యధికంగా నష్టపోయాయని చెప్పిన ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఇప్పుడు మహారాష్ట్ర, కర్ణాటకల్లో ఉన్నాయి. అంతకుముందు రజాకార్లు సాగించిన దౌర్జన్యాల ప్రస్తావన కూడా అదే నివేదికలో ఉంది. ఇప్పుడు వ్యాసంలో ఉన్న వాక్యం ఇది: 'సైనిక చర్య సమయంలోనూ ఆ తరువాతా సంస్థానం మొత్తం మీద కనీసం 27 వేల నుంచి 40 వేల మంది మరణించారని సుందర్‌లాల్ బృందం అంచనా వేసింది.' ఎవరు చెప్పారు, ఏ కాలానికి, ఏ ప్రాంతానికి, అంచనానా లెక్కా అన్న నాలుగూ అందులో ఉన్నాయి. చేర్చిన సభ్యుడు, తీసేసిన సభ్యుడు ఇద్దరూ కలిసి రాసిన వాక్యం అది. ఈ ఏడాది మనం సాధించింది ఏమిటని అడిగితే నేను ఆ ఒక్క వాక్యాన్నే చూపిస్తాను.

అదే కొలత అవతలి వైపుకూ వర్తించాలి. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు జరిపిన మారణకాండలో ఎందరు చనిపోయారంటే ఒక చోట 96 అని, మరో చోట 118 అని కనిపిస్తోంది. పొరుగూరి వాళ్లను కలిపారా లేదా అన్నది తేలితే గాని ఏది సరైనదో చెప్పలేం. మనకు నచ్చిన అంకె పెట్టుకుని ముందుకు పోలేదు. రెండూ ఒక పట్టికలో ఇచ్చి, ఏది ఎక్కడ ఉందో రాశాం.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించిన సంగతి. ఒక సభ్యురాలు తన నాయనమ్మ మాటలను ఫోనులో రికార్డు చేసి తెచ్చారు. బతుకమ్మ పండుగకు ముందు, రాత్రిపూట, ముగ్గురు పిల్లలతో జొన్నచేనులో కూర్చున్నారట. చంటిపిల్ల ఏడవకుండా నోట్లో బెల్లం ముక్క పెట్టారట. విన్నవాళ్లలో కళ్లు తుడుచుకోని వాళ్లు లేరు. ఇది వ్యాసంలో పెట్టాలి కదా అని ఆమె అడిగారు. అచ్చులో రాని మాటను మూలంగా తీసుకోలేమని, మనం స్వయంగా సేకరించినదైతే వికీపీడియా ఒప్పుకోని మౌలిక పరిశోధన కిందికి వస్తుందని చెప్పాల్సి వచ్చింది. "అయితే మా నాయనమ్మ అబద్ధం చెప్పిందంటారా?" అన్నారు ఆమె. ఆ ప్రశ్నకు వెంటనే ఎవరూ జవాబు చెప్పలేకపోయాం.

తరువాత ఆ రికార్డును మాటకు మాట రాసే పని ఇద్దరికి ఇచ్చాం. ఒకరి ప్రతిలో 'రజాకార్లు వస్తున్నారన్నారు' అని ఉంది. మరొకరి ప్రతిలో 'మిలటరీ వస్తోందన్నారు' అని ఉంది. మళ్లీ వింటే, ఆ పెద్దావిడ రెండు మాటలూ అనలేదు. 'వాళ్లు వస్తున్నారన్నారు' అని మాత్రమే అన్నారు. వాళ్లెవరో రాసిన ఇద్దరూ తమ తమ మనసుల్లోంచి నింపుకున్నారు. ఆ రోజు నుంచి నియమాల గురించి మనలో వాదన తగ్గింది. ఆ జ్ఞాపకాన్ని మనం వదిలేయలేదు. తేదీ, ఊరు, కుటుంబం అనుమతి నమోదు చేసి సంఘం దగ్గర భద్రపరిచాం. ఆమె దాన్ని వ్యాసంగా రాసి, సంపాదకుడున్న ఏదైనా పత్రికకు పంపాలని కోరాం. ఆమె రాస్తున్నారు.

మరో పొరపాటు. ఒక గ్రామం గురించి మనమే కొన్నేళ్ల కిందట మూలం లేకుండా ఒక వాక్యం రాశాం. ఈ ఏడాది దానికి మూలం దొరికిందని సంబరపడి ఒక దినపత్రిక ప్రత్యేక వ్యాసాన్ని జోడించాం. ఆ ఊరి పేరులో మనం చేసిన అక్షరదోషం ఆ పత్రికలోనూ అలాగే ఉండటం డిసెంబరులో ఒకరి కంటబడింది. వాళ్లు మన దగ్గరే తీసుకున్నారు, మనం మళ్లీ వాళ్లనే సాక్షిగా నిలబెట్టాం. వాక్యం తొలగించాం. ఇకపై మూలం ఎంత పేరున్నదైనా, అది మన వాక్యం కంటే ముందుదా తరువాతదా అని వ్యాసం చరిత్రలో చూడటం తప్పనిసరి చేశాం. పాత పత్రికల విషయంలో ఇంకొక చిన్న జాగ్రత్త: 'నిన్న' అని ఉన్న వార్తకు పత్రిక తేదీ వేయకండి. 17, 18 తేదీలు తారుమారైన చోట్లు అయిదు దొరికాయి.

మన లోపాల్లో పెద్దది ఇంకా అలాగే ఉంది. మనం చూసిన మూలాలన్నీ తెలుగువీ, ఇంగ్లీషువీ. సంస్థానంలో అధికార భాష ఉర్దూ. ఆనాటి రహబరె దక్కన్ పత్రిక ఉర్దూ. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ నడిపిన ఇమ్రోజ్ పత్రిక కూడా ఉర్దూనే. వాటిని చదవగలిగినవారు మన సంఘంలో ఒక్కరూ లేరు. మరాఠీ, కన్నడం సంగతీ అంతే. మన తటస్థత ఇప్పటికి రెండు భాషల మేరకే. ఈ లోటును కార్యవర్గం సీరియస్‌గా తీసుకుంది.

మిగిలినవి క్లుప్తంగా. మే నెల తప్ప ప్రతి నెలా సమావేశం జరిగింది. కొత్తవారికి రెండు శిక్షణ శిబిరాలు పెట్టాం. ఎన్నికల ఫలితాల వ్యాసాల్లో ఎన్నికల సంఘం ప్రకటించేదాకా అంకెలు మార్చకూడదన్న మన నియమాన్ని జూన్ 4న అందరూ పాటించారు, ధన్యవాదాలు. పార్టీల్లో పదవులున్న సభ్యులు తమ పార్టీ వ్యాసాలను నేరుగా దిద్దకుండా చర్చా పేజీలో సూచించాలన్న తీర్మానం ఆమోదం పొందింది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంచుతున్నారు.

వచ్చే ఏడాదికి పని ఇది: ఉర్దూ చదవగల ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు జులై నుంచి నెలకో ఆదివారం మనతో కూర్చోవడానికి ఒప్పుకున్నారు. బైరాన్‌పల్లి పట్టికలో మూడో వరస ఖాళీగా ఉంది, 'మూలం కావాలి' అని గుర్తు పెట్టాం. సిద్దిపేట, జనగామ ప్రాంతపు సభ్యులు తమ ఇళ్లలో, ఊరి గ్రంథాలయాల్లో ఆ ఘటన గురించిన పాత పుస్తకాలు, సంచికలు ఉంటే ముఖపత్రం, ముద్రణ సంవత్సరం ఉన్న పుట, సంబంధిత పుట, ఈ మూడింటి ఫొటోలు తీసి జూన్ నెలాఖరులోగా పంపవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి